ఇంటి భాష మానేయమంటున్నారు, మానాలా? పిల్లలకు భాష ఎవరి నుంచి వస్తుంది?

మీరు అడిగినవి మూడు విషయాలు. మీ నాలుగేళ్ల బాబుకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం బడి భాషలోనే ఇస్తున్నాడు. వాళ్ల టీచరు "ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి, రెండు భాషలతో తికమక పడుతున్నాడు" అన్నారు. ఇక మీ వారు ఆఫీసు ఫోన్‌లో ఒక తీరుగా, చిన్ననాటి స్నేహితులతో ఇంకో తీరుగా మాట్లాడుతుంటే నటిస్తున్నట్టు అనిపిస్తోందని, అది పిల్లవాడికి మంచిదేనా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇంటి భాష మానకండి. పిల్లల భాష మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ సలహా విని కంగారుపడి వచ్చిన తల్లిదండ్రులను ఎందరినో చూశాను. చెప్పేవాళ్లు మంచి కోరే చెబుతారు. కాకపోతే ఆ సలహా వెనక ఒక ఊహ ఉంది: భాష అంటే మాటల మూట, పిల్లవాడి బుర్రలో చోటు కొంచెమే, ఒక మూట దించితే గానీ ఇంకోటి ఎక్కదు అని. పరిశోధనలు చూపించేది వేరు. పిల్లవాడు ఎవరితో ఉండాలనుకుంటాడో, ఎవరితో తనకు పని పడుతుందో వాళ్ల భాష వాడికి వస్తుంది. పెద్దవాళ్లు భాషను వాడే తీరును కూడా ఎదుటి మనిషే నిర్ణయిస్తాడు. మీ మూడు ప్రశ్నలూ చివరికి ఇక్కడికే వస్తాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఇదంతా పుట్టకముందే మొదలవుతుంది. కడుపులో ఉన్నప్పుడు మాటలు మాటలుగా వినపడవు గానీ, వాటి లయ, స్వరం ఎగుడుదిగుళ్లు లోపలికి చేరతాయి. 1988లో జాక్ మెలేర్ బృందం ఫ్రాన్స్‌లో నాలుగు రోజుల పసికందులను పరీక్షిస్తే, తల్లి భాష అయిన ఫ్రెంచికీ రష్యన్‌కీ తేడా పట్టేశారు. అంత పసివాళ్లను ఎలా అడుగుతారు అనుకుంటారేమో. నోట్లో ఒక పాలపీక పెట్టి, దాన్ని ఎంత జోరుగా చప్పరిస్తున్నారో కొలుస్తారు. ఒకటే వినీ వినీ విసుగొస్తే చప్పరింపు నెమ్మదిస్తుంది. కొత్తది వినపడగానే మళ్లీ పుంజుకుంటుంది.

1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పని తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. వాళ్లు హిందీలోని త, ట శబ్దాలను తీసుకున్నారు. మనకు ఆ రెండూ వేరని వేరే చెప్పక్కర్లేదు, ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దవాళ్లకు మాత్రం రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను చక్కగా పట్టుకున్నారు. అలాంటి ఇళ్లలోనే పది పన్నెండు నెలల పిల్లల్లో ఎక్కువమంది పట్టుకోలేకపోయారు. వాళ్ల వినికిడికి ఏమీ కాలేదు. చుట్టూ ఉన్న మనుషులు ఏ తేడాలను లెక్కచేస్తున్నారో ఆ తేడాలకు చెవి పదును పెట్టుకుంది, మిగతావాటిని వదిలేసింది. అంటే ఒక్క మాట కూడా పలకకముందే, మొదటి పుట్టినరోజు నాటికే, పిల్లలు తమ వాళ్ల భాషకు చెవి సర్దుకుంటున్నారన్నమాట.

ఇది చదివి "అయితే ఆరో నెలలోనే నాలుగు భాషల వీడియోలు పెట్టేద్దాం" అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను తప్పకుండా చెప్పే పరిశోధన ఒకటుంది. 2003లో పట్రీషియా కుల్ బృందం, అమెరికాలో ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ చైనీస్ వినిపించింది. ఒక గుంపుకి చైనీస్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని, బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకాలు చూపిస్తూ మాట్లాడారు. నాలుగు వారాల్లో 12 సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఇంకో గుంపు అవే మాటలను డీవీడీలో చూసింది, మరో గుంపు శబ్దం మాత్రమే విన్నది. మనిషి దగ్గర విన్న పిల్లలు చైనీస్ శబ్దాల మధ్య తేడాను అక్కడ పుట్టి పెరిగిన పిల్లలంత బాగా పట్టుకున్నారు. డీవీడీ చూసినవాళ్లకూ, రికార్డు విన్నవాళ్లకూ ఏమీ రాలేదు. మాటలు అవే, వినిపించిన సమయం అంతే. లేనిదల్లా తమను చూసి మాట్లాడే మనిషి.

1981లో జాక్వెలిన్ శాక్స్, ఆమె సహచరులు రాసిన ఒక పిల్లవాడి సంగతి కూడా ఇదే చెబుతుంది. తల్లిదండ్రులిద్దరూ వినికిడి లేనివాళ్లు, పిల్లవాడు బాగా వినగలడు. వాళ్లు వాడితో సైగ భాష వాడలేదు, వాడికి మాట వినిపించింది ఎక్కువగా టీవీలోనే. నాలుగేళ్లకు దగ్గర పడుతున్నప్పుడు చూస్తే మాటలైతే ఉన్నాయి గానీ వాక్యాల అల్లిక వాడి ఈడు పిల్లల్లా లేదు. ఒక పెద్ద మనిషి క్రమం తప్పకుండా వచ్చి వాడితో కబుర్లాడటం మొదలుపెట్టాక తొందరగానే మెరుగుపడ్డాడు.

అలాగని తెర మీద కనిపించేదంతా పనికిరాదనుకోకండి. 2014లో రోజ్‌బెరీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ రెండేళ్లు దాటిన పిల్లలతో చేసిన పనిలో, వీడియో కాల్‌లో అవతలి మనిషి నిజంగా వింటూ, స్పందిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారు. అదే మాటలు ముందే రికార్డు చేసి చూపిస్తే నేర్చుకోలేదు. కాబట్టి తాతయ్య, అమ్మమ్మలతో వీడియోలో మాట్లాడించడం తెలుగు కోసం మీరు చేయగల మంచి పనుల్లో ఒకటి. పిల్లవాడు ఏదన్నా అంటే వాళ్లు జవాబివ్వాలి, వాళ్లు అడిగితే వాడు చూపించాలి. అటువైపు నుంచి పాట పెట్టి ఊరుకుంటే అది మళ్లీ రికార్డే.

సరే, మరి తల్లిదండ్రులు "నేర్పడం" అంటూ ఉంటుందా? వ్యాకరణం విషయంలో దాదాపు ఉండదనే అంటాను. మూడేళ్ల పిల్లవాడు "నోరులో పెట్టుకున్నా" అంటే, పెద్దవాళ్లెవరూ అనని మాటను వాడు అన్నాడు. మనమంతా "నోట్లో" అనే అంటాం. అంటే వాడు విన్నది అప్పజెప్పటం లేదు. "బడిలో", "కారులో", "సంచిలో" విని ఒక సూత్రం తనే పట్టుకుని, దాన్ని "నోరు" మీదా వేశాడు. ఇలాంటి తప్పు వస్తే నాకు సంతోషంగా ఉంటుంది, వ్యాకరణం లోపల తయారవుతోందని అర్థం. 1958లో జీన్ బెర్కో ఇదే సంగతిని పరీక్షించి చూపించారు. లేని పక్షి బొమ్మ ఒకటి గీసి, దానికి "వగ్" అని లేని పేరు పెట్టి, రెండు బొమ్మలు చూపిస్తే చిన్న పిల్లలు ఇంగ్లీషు బహువచనం చేర్చి "వగ్స్" అన్నారు. ఆ మాట అంతకుముందు విని ఉండే అవకాశమే లేదు. "నోరులో" అన్న పిల్లవాణ్ణి "అలా అనకూడదు, నోట్లో అను" అని ఆపితే, వాడు చెప్పబోయేది ఆగిపోతుంది. "అవునా, నోట్లో పెట్టుకున్నావా? చేదుగా ఉందా?" అని మాట కొనసాగిస్తే సరైన రూపం వాడి చెవిన పడుతుంది, కబురూ సాగుతుంది.

పిల్లలు భాషను ఎంతవరకు తామే అల్లుకోగలరో చూడాలంటే నికరాగువా వెళ్లాలి. 1977 దాకా అక్కడ వినికిడి లేని పిల్లలు ఎవరిళ్లలో వాళ్లు, ఇంట్లోవాళ్లతో కల్పించుకున్న కొన్ని సైగలతో పెరిగేవారు. ఆ ఏడాది రాజధాని మనాగువాలో ఒక ప్రత్యేక పాఠశాల మొదలైంది, 1980లో వృత్తి విద్యా పాఠశాల వచ్చింది. వందల మంది ఒకచోట చేరారు. తరగతిలో పెదవుల కదలిక చూసి స్పానిష్ నేర్పాలని చూశారు, అది పెద్దగా పట్టుబడలేదు. ఆటస్థలంలో, బస్సులో మాత్రం పిల్లలు తమ తమ ఇంటి సైగలను కలిపి ఒక ఉమ్మడి పద్ధతి తయారుచేసుకున్నారు. తర్వాత వచ్చిన చిన్న పిల్లలు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు, క్రమం పెట్టారు. 2004లో ఆన్ సెంగాస్ బృందం చూపించిన ఉదాహరణ నాకెంతో ఇష్టం. ఒక వస్తువు దొర్లుతూ కిందికి పోవడాన్ని చెప్పాలంటే మొదటి తరం వాళ్లు దొర్లడం, దిగడం రెండింటినీ కలిపి ఒకే ఊపులో చెయ్యి తిప్పి చూపించేవారు. తర్వాతి తరం ఎక్కువగా దొర్లడానికి ఒక సైగ, దిగడానికి ఒక సైగ వరసగా పెట్టింది. ఒక అనుభవాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను వరసలో పేర్చడం అన్ని మానవ భాషల్లోనూ ఉన్న పని. ఆ పిల్లలకు దాన్ని పెద్దవాళ్లెవరూ నేర్పలేదు. వాళ్లకు కావలసివచ్చినవి రెండే: చిన్న వయసు, తమలాంటి వాళ్ల గుంపు. ఒక్కొక్కరుగా ఇళ్లలో ఉన్నన్నాళ్లూ అది పుట్టలేదు.

"ఎంత మాట్లాడాలి?" అని చాలామంది అడుగుతారు. దీని మీద వాదం ఇంకా నడుస్తోంది. 1995లో హార్ట్, రిస్లీ అమెరికాలో 42 కుటుంబాలను గమనించి, నాలుగేళ్లు వచ్చేసరికి బాగా ఉన్న ఇళ్ల పిల్లలకూ పేద ఇళ్ల పిల్లలకూ విన్న మాటల్లో మూడు కోట్ల తేడా ఉంటుందని అంచనా వేశారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది, దాన్ని పట్టుకుని పేద తల్లులను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. 2018లో స్పెరీ, ఆయన సహచరులు మరికొన్ని సముదాయాల్లో చూస్తే, పక్కన ఉన్నవాళ్ల మాటలు కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు అలాంటి తేడా నిలబడలేదు. మెక్సికోలో సెల్తాల్ అనే మాయా భాష మాట్లాడే ఒక పల్లెలో కసియాస్, బ్రౌన్, లెవిన్‌సన్ రికార్డు చేస్తే, చిన్న పిల్లలను ఉద్దేశించి మాట్లాడేది గంటకు సగటున 3.6 నిమిషాలే. అయినా వాళ్లు తొలి మాటలు పలకడంలో ఇతర చోట్ల పిల్లలకు వెనకబడలేదు. సమోవాలో, పాపువా న్యూగినీలోని కలులీ ప్రజల్లో పసివాళ్లతో ముద్దు ముద్దుగా మాట్లాడే అలవాటే లేదని ఎలినోర్ ఓక్స్, బాంబీ షీఫెలిన్ 1980లలోనే రాశారు. అక్కడా పిల్లలందరికీ భాష వస్తోంది. కాబట్టి మాటలు లెక్కపెట్టే యంత్రాలు కొనకండి. లెక్కపెట్టదగ్గది ఏదైనా ఉంటే, నువ్వొకటి నేనొకటి అన్నట్టు సాగే మాటల మార్పిడి. 2018లో రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మందిని పరిశీలించినప్పుడు, కథ వింటున్న సమయంలో మెదడులోని భాషా భాగం స్పందనతో ముడిపడి కనిపించింది విన్న మాటల సంఖ్య కంటే ఈ మార్పిడే.

ఇక మీ బాబు సంగతి. ఇంట్లో ఇంత తెలుగు వింటూ బయటి భాషలో ఎందుకు జవాబిస్తున్నాడు?

పిల్లలు మూడు నాలుగేళ్ల దాకా తల్లిదండ్రుల్లా మాట్లాడతారు, ఆ తర్వాత తోటివాళ్లలా మాట్లాడటం మొదలుపెడతారు. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణం కట్టాలని 1967లో నిర్ణయించారు. నానా ప్రాంతాల యాసలవాళ్లు అక్కడికి వచ్చి చేరారు. పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అక్కడ నాలుగు, ఎనిమిది, పన్నెండేళ్ల పిల్లలను రికార్డు చేశారు. నాలుగేళ్ల పిల్లల్లో తల్లిదండ్రుల యాస బాగా వినిపించింది. ఎనిమిది, పన్నెండేళ్ల వాళ్ల ఉచ్చారణ తల్లిదండ్రులకు దూరంగా, ఒకరికొకరు దగ్గరగా ఉంది. పట్టణానికి అంతకుముందు లేని యాసను పిల్లలు తయారుచేశారు. మీ ఇంట్లో జరుగుతున్నదీ ఇలాంటిదే. మీ బాబు తెలుగును వద్దనుకోవట్లేదు. తోటివాళ్లలో ఒకడు కావాలనుకుంటున్నాడు. పైగా మీకు ఆ భాష వచ్చని వాడికి తెలుసు. ఏ భాషలో చెప్పినా అమ్మకు అర్థమై, అడిగింది దొరుకుతుంటే తెలుగులో అనవలసిన అవసరం వాడికి కనపడదు.

బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతంలో అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాల వివరాలు సేకరించి 2007లో ప్రచురించారు. రెండు భాషలు వింటూ పెరిగిన పిల్లల్లో సుమారు నాలుగో వంతు బయటి భాష ఒక్కటే మాట్లాడేవారు. ఇద్దరు తల్లిదండ్రులూ ఇంట్లో ఇంటి భాషే మాట్లాడిన చోట, దాదాపు 97 శాతం కుటుంబాల్లో పిల్లలు ఆ భాష మాట్లాడారు. అమ్మ ఒక భాష, నాన్న ఇంకో భాష అనే పద్ధతిలో అది నాలుగింట మూడు వంతులకు తగ్గింది. "ఒకరికి ఒక భాష" అనే పద్ధతిని చాలామంది తిరుగులేనిదిగా చెబుతారు. బయటి భాషకు వీధి, బడి, టీవీ అన్నీ తోడున్నప్పుడు, ఇంటి భాషకు ఒక్క మనిషి తోడు చాలకపోవచ్చు. మీ ఇంట్లో ఇద్దరికీ తెలుగు వచ్చు. ఇద్దరూ తెలుగే మాట్లాడండి. బడి భాష గురించి దిగులు వద్దు, అది వాడికి బడిలో ఎలాగూ వస్తుంది.

వాడు బడి భాషలో జవాబిచ్చినప్పుడు తెలుగులో చెప్తేనే ఇస్తానని పంతం పట్టకండి. అలా చేస్తే తెలుగు వాడికి పరీక్ష అయి కూర్చుంటుంది, కొన్నాళ్లకు మీతో కబుర్లే తగ్గిస్తాడు. వాడు చెప్పింది అందుకుని మీరు తెలుగులో కొనసాగించండి. ఒక్కోసారి "అంటే ఏంటి నాన్నా, తెలుగులో చెప్పు" అని మామూలుగా అడగండి. అన్నిటికంటే బాగా పనిచేసేది తెలుగు తప్ప వేరే దారి లేని మనుషులు. బడి భాష రాని తాతయ్య, కొత్తగా వచ్చిన బంధువుల పిల్లలు, వారానికోసారైనా తెలుగులో ఆడుకునే తోటివాళ్లు. పెద్దవాళ్ల తెలుగు ఎంత విన్నా, ఆటలో గొడవపడటానికి, బతిమాలటానికి, వేళాకోళానికి కావలసిన తెలుగు తోటి పిల్లల దగ్గరే దొరుకుతుంది. కనుమరుగవుతున్న భాషలను నిలబెట్టుకున్నవాళ్లు కూడా ఈ పనే చేశారు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో కోహంగా రియో పేరుతో, పెద్దవాళ్లు మావోరీలోనే మాట్లాడుతూ పసిపిల్లలను చూసుకునే కేంద్రాలు మొదలుపెట్టారు. హవాయి వాళ్లు 1984లో పూనానా లియో తెరిచారు. ముందు పాఠ్యపుస్తకం కోసం కూర్చోలేదు, పిల్లలు కలిసే చోటు ఏర్పాటు చేశారు.

రెండు భాషలూ కలిపేస్తున్నాడని టీచరు అన్న "తికమక" గురించి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలవడం అయోమయానికి గుర్తు అనుకోవడం సహజమే. న్యూయార్క్‌లోని పోర్టోరికో వాళ్ల స్పానిష్-ఇంగ్లీషు మాటలను షానా పోప్లాక్ విశ్లేషించి 1980లో ప్రచురించినది చూడండి. ఎక్కువగా రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లే వాక్యం మధ్యలో భాష మార్చారు, ఆ మార్పిడిలో రెండు భాషల వ్యాకరణమూ దాదాపు ఎక్కడా తప్పలేదు. అంతగా రానివాళ్లు ఎక్కువగా వాక్యం చివర చిన్న చిన్న పలకరింపులు అతికించి ఊరుకున్నారు. మీ బాబుకి ఏ మాట ఏ భాషలో ముందు తడితే అది వాడుతున్నాడు. బడికి సంబంధించినవి బడి భాషలో, స్నానం, అన్నం, నిద్రకు సంబంధించినవి తెలుగులో తెలిసుంటాయి. అందుకే ఒక్క భాషలో మాటలు లెక్కపెడితే తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండూ కలిపి లెక్కపెడితే ఒక భాషే వచ్చిన పిల్లలతో సమానంగా ఉంటారని 1990లలోనే చూపించారు.

భాషలు కలిసి బతకడం గురించి గంపర్జ్, విల్సన్ 1971లో రాసిన పరిశోధన చాలా గొప్పది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలోని కుప్‌వాడ్‌లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ ఉన్నాయి. తరతరాలుగా పక్కపక్కనే ఉండి, రోజూ ఒకరి భాష ఒకరు వాడుతూ వచ్చారు. కన్నడ, మరాఠీ, ఉర్దూల వాక్య నిర్మాణాలు అక్కడ ఎంత దగ్గరయ్యాయంటే, ఒక భాష వాక్యంలో పదాలు తీసి వాటి స్థానంలో ఇంకో భాష పదాలు పెడితే చాలు. అయినా పదాలు మాత్రం వేటివి వాటికే ఉన్నాయి, ఎందుకంటే ఇంట్లో ఎవరి భాష వాళ్ల గుర్తింపు. వాక్యం ఇరుగుపొరుగుతో కలిసింది, పదం ఇంటితో ఉండిపోయింది.

మీ వారి ఫోన్ గొంతు గురించి ఇప్పుడు చెప్పడం తేలిక. మనుషులంతా ఇలాగే మాట్లాడతారు. అలన్ బెల్ న్యూజిలాండ్‌లో వార్తలు చదివేవాళ్లను పరిశీలించారు. అదే మనిషి, అదే స్టూడియో, దాదాపు అవే వార్తలు, రెండు వేర్వేరు స్టేషన్లకు. వినేవాళ్లు మారితే ఉచ్చారణ మారిపోయింది. విలియం లాబోవ్ 1962లో న్యూయార్క్‌లో ఖరీదైనది, మధ్యరకం, చవకది అని మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని ఉద్యోగులను అడిగారు. జవాబులోని "ఫోర్త్ ఫ్లోర్"లో ర్ పలుకుతున్నారా లేదా అన్నది ఆయనకు కావాలి, అక్కడ అది దర్జాకు గుర్తు. ఖరీదైన చోట 62 శాతం మంది, మధ్యరకంలో 51, చవకచోట 20 శాతం మంది ఎంతో కొంత పలికారు. విననట్టు మళ్లీ అడిగితే, ముఖ్యంగా మధ్యరకం దుకాణంలో, ర్ పెరిగింది. వాళ్లెవరూ ఎవరినీ మోసం చేయట్లేదు. ఎవరి ముందు నిలబడ్డారో గొంతుకు తెలుసు.

లాబోవ్ దే 1963 నాటి ఇంకో పరిశోధన దీనికి ఎదురు వైపు చూపిస్తుంది. మసాచుసెట్స్ తీరాన మార్తాస్ విన్యార్డ్ అనే దీవికి ఎండాకాలం వస్తే సందర్శకులు వెల్లువెత్తుతారు. దీవిని తమదనుకునే వాళ్లు, ముఖ్యంగా చేపలు పట్టేవాళ్లు, కొన్ని అచ్చులను పాత పద్ధతిలో పలకడం తగ్గించలేదు సరికదా పెంచారు. ఊరు విడిచి పోవాలనుకునే కుర్రాళ్లలో అది తక్కువ, ఉండిపోదామనుకునే వాళ్లలో ఎక్కువ. యాస మారడంలోనూ, మారకపోవడంలోనూ ఎవరితో ఉండాలనే కోరికే పనిచేసింది. మీ వారు స్నేహితులతో పాత యాసలోకి వెళ్లిపోవడం ఈ రెండోది. రెండు గొంతులూ ఆయనవే. పిల్లవాడు అది చూసి నేర్చుకునేది సందర్భాన్ని బట్టి మాట్లాడటం, అది వాడికి జీవితమంతా కావాలి.

అయితే ఆఫీసు గొంతు ఎందుకు అవసరమైందన్నది మాత్రం నన్ను బాధపెట్టే ప్రశ్న. జాన్ బా అనే భాషాశాస్త్రవేత్త అద్దె ఇళ్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఫోన్లు చేశారు. ఒకే మనిషి, నల్లజాతి వాళ్ల యాసలో, మెక్సికన్ అమెరికన్ యాసలో, ప్రామాణిక ఇంగ్లీషులో. తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల మొదటి రెండు యాసలకు ఇల్లు చూడటానికి రమ్మన్న పిలుపులు బాగా తగ్గాయి. 1999లో ఆయన, సహచరులు ఇది ప్రచురించారు. వినేవాళ్లు "హలో" అన్న ఒక్క మాటతోనే యాస పోల్చేయగలరని కూడా అందులో తేలింది. యాస మార్చుకునే మనిషిని తప్పుపట్టే ముందు, మార్చుకోకపోతే తలుపు తెరవని వాళ్లను చూడాలి.

బడిలోనూ ఇదే జరుగుతుంది, అందుకే టీచరు మాటను నేను తేలిగ్గా తీసుకోను. లాబోవ్ 1969లో లియోన్ అనే ఎనిమిదేళ్ల నల్లజాతి పిల్లవాడి గురించి రాశారు. పరీక్షలాంటి వాతావరణంలో ప్రశ్నలడిగితే ముక్తసరి జవాబులు, నిశ్శబ్దం. అడిగినతను తర్వాత చిరుతిండి పొట్లం తెచ్చి, లియోన్ స్నేహితుణ్ణి పిలిచి, తనూ నేల మీద కూర్చుని మామూలు కబుర్లు మొదలుపెడితే, ఇద్దరు పిల్లలూ మాట అందుకోవడానికి పోటీపడ్డారు. అంతకుముందు "భాష లేని పిల్లవాడు" అని రాసుకోవలసిన వాడు అతనే. 1979లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్, చదవడం నేర్పేటప్పుడు నల్లజాతి పిల్లల ఇంటి భాషను టీచర్లు గుర్తించేలా బడి చర్యలు తీసుకోవాలని తీర్పిచ్చారు. మీరు టీచరుతో వాదన పెట్టుకోవాలని నేననట్లేదు. బాబు ఇంట్లో కథ చెబుతున్నప్పుడు రెండు నిమిషాలు రికార్డు చేసి వినిపించండి. తెలుగు రాకపోయినా, వాడు ఎంత ధారగా మాట్లాడుతున్నాడో ఆవిడకు వినపడుతుంది. "ఇంట్లో మేం తెలుగే మాట్లాడతాం, బడి భాషలో వాడికి ఏ చోట కష్టమవుతోందో చెప్పండి, దాని మీద కలిసి పనిచేద్దాం" అనండి. తల్లిదండ్రులు తమకు అంతగా పట్టులేని భాషలోకి మారితే పిల్లవాడు వినేది సన్నబడిన భాష. అది బడికీ లాభం కాదు.

వయసు దాటిపోతుందేమోనన్న భయం గురించి క్లుప్తంగా చెప్తాను. 1978లో స్నో, హూఫ్‌నాగెల్-హోలె నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషు వాళ్లను గమనిస్తే, మొదటి నెలల్లో వేగంగా నేర్చుకున్నది 12 నుంచి 15 ఏళ్ల వాళ్లూ పెద్దవాళ్లూ. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు వెనకబడి ఉన్నారు. చిన్నపిల్లలు చివరికి దాటిపోతారు, అది వేరే సంగతి. 2018లో హార్ట్‌షోర్న్, టెనన్‌బామ్, పింకర్ దాదాపు 6,70,000 మంది రాసిన ఇంగ్లీషు పరీక్షను విశ్లేషించి, వ్యాకరణం పట్టే శక్తి సుమారు 17 ఏళ్ల దాకా బాగానే ఉంటుందని, పుట్టుకతో వచ్చినంతగా రావాలంటే మాత్రం పదేళ్లలోపు మొదలవ్వాలని చెప్పారు. మీ బాబుకి నాలుగేళ్లు. పైగా తెలుగు అంతా అర్థమవుతోంది కాబట్టి మొదలవ్వడం ఎప్పుడో అయిపోయింది.

చివరగా, రెండు భాషల మీద నెట్టేసి అసలు సమస్యను వదిలేయడం కూడా చూస్తుంటాను. పన్నెండు నెలలకు "బబ్బబ్బ" లాంటి శబ్దాల ఆట లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతున్నా, ఇంట్లో ఎన్ని భాషలున్నా సరే నిపుణులకు చూపించాలి. మీ బాబు వాక్యాలు మాట్లాడుతున్నాడు కాబట్టి ఇవి మీకు వర్తించేలా లేవు. అయినా టీచరుకి ఇంకా అనుమానం ఉంటే మొదట వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో నీరు చేరి అప్పుడప్పుడు మందంగా వినపడే పిల్లలు తరగతి గోలలో నిజంగానే తడబడతారు, దాన్ని భాషల తికమకగా పొరబడటం తేలిక. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే స్పీచ్ థెరపిస్టును కలవండి. వెళ్లేటప్పుడు బాబు తెలుగులో అనేవి, బడి భాషలో అనేవి రెండు వరసలుగా రాసి తీసుకెళ్లండి, రెండూ చూసి అంచనా వేయమని అడగండి. ఒక్క భాషనే చూసి తేల్చేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.